గాలికి కళ్ళెం వేసిన ఉపాధ్యాయుడు – జార్జి పోకాక్

ఆషాఢం ప్రవేశించగానే మన అనంతపురం సీమలో వానకన్న ముందుగా గాలి వస్తుంది. పడమటి కనుమలపై తన తడినంతా ధారపోసి, వట్టి చేతులతో మన మెట్టభూముల మీదికి పరుగెత్తుకొని వచ్చే గాలి అది. మబ్బును నిలువనీయదు. వేరుశనగ విత్తిన చేనిలోని చెమ్మను ఆరబెడుతుంది. వీధులలో దుమ్ము రేపుతుంది. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే కురిసే ఈ ప్రాంతంలో రైతు ఆకాశంవైపు చూచి మొదట నిందించేది ఈ గాలినే.

అయితే అదే గాలి పిల్లలకు పండుగ. మా మిత్రులలో ఉర్దూ చదివేవారు పతంగ్ అంటారు, తెలుగు చదివేవారం గాలిపటం అంటాము. పేరు ఏదైనా దారం తెగినప్పుడు కలిగే దుఃఖం ఒక్కటే. వానలు మొగం చాటేసిన ఒక సంవత్సరం మేము నలుగురైదుగురం కలిసి ఎండిన చెరువులో గాలిపటాలు ఎగురవేస్తూ ఉండగా మాకొక ఆలోచన తట్టినది. చేతిని కోసుకొనిపోయేంతగా దారాన్ని లాగుతున్న ఈ శక్తి ఒక బండిని లాగలేదా? పాత సైకిలు చక్రాలతో ఒక చిన్న బండి కట్టి, పెద్ద గాలిపటాలు మూడింటిని దానికి తగిలించినాము. బండి కదిలినది. పది గజాలు ముందుకు పోయి, పక్కకు ఒరిగి, మమ్మల్ని తుమ్మచెట్ల వద్ద పడవేసినది. మోచేతులు గీచుకొనిపోయినా మా ఉత్సాహం తగ్గలేదు. ఇంతకు ముందు ఎవరైనా ఈ పని చేసినారా అని వెదకగా, రెండు వందల ఏండ్ల క్రిందటి ఒక బడిపంతులు మాకు కనిపించినాడు. ఆయనే జార్జి పోకాక్. ఆయన జీవితాన్ని మా తోటి విద్యార్థులకు పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పోకాక్ 1774లో ఇంగ్లండులోని బెర్క్‌షైరు ప్రాంతంలో హంగర్‌ఫర్డ్ అనే ఊరిలో జన్మించినాడు. యుక్తవయసులో బ్రిస్టల్ నగరం చేరి అక్కడ ఉపాధ్యాయ వృత్తిలో స్థిరపడినాడు. భక్తి తత్పరుడు. చర్చి లేని పల్లెలలో గుడారాలు వేయించి ప్రార్థనలు జరిపించే ఉద్యమానికి నాయకత్వం వహించినాడు. బ్రిస్టల్ ఓడరేవు పట్టణం. ఆవిరి ఓడలు ఇంకా బాల్యావస్థలో ఉన్న ఆ దినాలలో సముద్ర వాణిజ్యం సమస్తం తెరచాపలపైననే ఆధారపడి ఉండేది. గాలి ఓడను నడిపించగలిగినప్పుడు నేలమీద బండిని ఎందుకు నడిపించరాదు అన్న ప్రశ్న అటువంటి నగరంలో నివసించే మనిషికి తోచడంలో వింత లేదు.

గాలిపటంపై ఆయనకు చిన్ననాటినుండి మక్కువ. పిల్లలందరూ గాలిపటం ఎంత ఎత్తుకు పోయిందని చూస్తారు. ఈ బాలుడు మాత్రం అది ఎంత బరువును లాగుతుందని చూచినాడు. మొదట చిన్న రాళ్ళు కట్టి లాగించినాడు. తరువాత చెక్క పలకలను, ఆపైన పెద్ద బరువులను లాగించినాడు. ఒక గాలిపటం చాలనప్పుడు రెండు మూడు జతచేసినాడు. ఏండ్ల తరబడి ఒక్కొక్క మెట్టుగా సాగిన ఈ పరిశీలనయే ఆయన పాఠశాల. పదిమంది చూచి విడిచిపెట్టిన దానిని నిదానంగా కొలిచి చూడడమే విజ్ఞానానికి మొదటి మెట్టు అని ఆయన బాల్యం మనకు తెలుపుతున్నది.

1820 నాటికి గాలిపటాలు మనిషి బరువును కూడ మోయగలవని ఆయనకు నమ్మకం కుదిరినది. 1824లో 30 అడుగుల గాలిపటానికి ఒక కుర్చీ అమర్చి, అందులో తన కుమార్తె మార్తాను కూర్చోబెట్టి, సుమారు 270 అడుగుల ఎత్తుకు లేపినాడు. ఆమె అప్పటికి ఇంకా బాలికయే. అదే సంవత్సరం ఆయన కుమారుడు కూడ గాలిపటం సాయంతో బ్రిస్టల్ సమీపంలోని 200 అడుగుల కొండ అంచుకు చేరినాడు. ఇద్దరూ క్షేమంగా తిరిగి వచ్చినారు కనుక నేడు దీనిని సాహసమంటున్నాము. ఒక దారం తెగి ఉంటే లోకం దానిని మరొక పేరుతో పిలిచి ఉండేది. తన నమ్మకానికి తన బిడ్డలను పణంగా పెట్టడం తండ్రికి తగునా అన్న ప్రశ్న మాలో చర్చకు వచ్చినది. తగదనే మాలో ఎక్కువమంది అభిప్రాయం. మహనీయుల జీవితాలలో మెచ్చుకొనవలసినవే కాక, మెచ్చుకొనరానివి కూడ ఉంటాయని గ్రహించడం మంచిది.

పోకాక్ పేరు నిలిచిపోయినది మాత్రం 1826లో. కర్నల్ జేమ్స్ వైనీ అనే సైనికాధికారితో కలిసి ఆయన గాలిపటాలతో నడిచే బండికి ఆ సంవత్సరం పేటెంటు పొందినాడు. దానికి షార్‌వోలాంట్ అని పేరు పెట్టినాడు. ఫ్రెంచి భాషలో షార్ అనగా బండి, వోలాంట్ అనగా ఎగిరేది. ఈ బండికి గుర్రాలు లేవు. 1500 నుండి 1800 అడుగుల పొడవైన ఒకే త్రాటిపై ఒకదాని పైన ఒకటిగా రెండు గాలిపటాలు. పైది మార్గదర్శి. అది పైనున్న నిలకడైన గాలిని అందుకొని క్రింది దానిని నిలబెడుతుంది. క్రిందిది కాడి మోసే ఎద్దు వంటిది. నాలుగు దారాలతో గాలిపటాన్ని ఎడమకు, కుడికి త్రిప్పడమే కాక, గాలికి ఎదురుగా అది వాలి ఉండే కోణాన్ని మార్చి లాగుడును పెంచవచ్చు, తగ్గించవచ్చు. ముందు చక్రాలను త్రిప్పడానికి ఒక అడ్డకర్ర ఉన్నది. ఆపవలసి వచ్చినప్పుడు నేలలో గుచ్చుకొనే ఇనుప కడ్డీ ఉన్నది.

మా బండి ఎందుకు పక్కకు ఒరిగినదో ఇది చదివినప్పుడు మాకు అర్థమైనది. మేము గాలిపటాన్ని బండికి కట్టివేసినాము. పోకాక్ కట్టలేదు, కళ్ళెం వేసినాడు. గాలి వేగం రెండింతలైతే దాని లాగుడు నాలుగింతలవుతుంది. అంతటి బలాన్ని క్షణక్షణం సడలించే ఉపాయం లేనప్పుడు బండి గాలి సొత్తే గాని మన సొత్తు కాదు.

ఆ కాలంలో మంచి గుర్రాల బండి గంటకు పది మైళ్ళు పోతే అదే గొప్ప వేగం. పోకాక్ బండి అనుకూలమైన గాలిలో గంటకు 20 మైళ్ళు, అనగా 32 కిలోమీటర్లు పోగలిగినది. బ్రిస్టల్, మార్ల్‌బరో పట్టణాల మధ్య రహదారిపై గుర్రపు బండ్లను దాటిపోయినది. ఒకసారి గ్లాస్టర్ ప్రభువు బండిని కూడ దాటిపోయి, అది మర్యాద కాదని తెలిసి, ఆగి ఆయనకు దారి ఇచ్చినదట. రహదారి సుంకాల విషయంలో మరొక చమత్కారం జరిగినది. సుంకం గుర్రాల లెక్కను బట్టి వసూలు చేసేవారు. ఈ బండికి గుర్రమే లేనందున సుంకమూ లేకపోయినది. 1827లో పోకాక్ తన విద్యను వివరిస్తూ ఒక గ్రంథం ప్రకటించినాడు. 1828లో ఆస్కట్ గుర్రపు పందేల మైదానంలో నాల్గవ జార్జి చక్రవర్తి ఎదుట తన బండిని ప్రదర్శించినాడు. గుర్రాల పండుగలో గుర్రం లేని బండి రాజు మెప్పుకోసం నిలబడిన దృశ్యం ఊహించుకొనదగినది.

ఉపాధ్యాయునిగా కూడ ఆయన నూతన పద్ధతులను వెదకినాడు. భూగోళ శాస్త్రం బోధించడానికి మడచి పెట్టుకొనదగిన కాగితపు గోళాలు తయారుచేసినాడు. అయితే ఆ చేతులే మరొక యంత్రాన్ని కూడ తయారుచేసినవి. అది తప్పుచేసిన విద్యార్థులను దానంతటదే బెత్తంతో కొట్టే యంత్రం. ఆకాశానికి ఎగిరే యంత్రాన్ని ఊహించిన మనస్సే బాలురను దండించే యంత్రాన్ని కూడ ఊహించినదని చదివి మేము ఆశ్చర్యపోయినాము. ఆయన శిష్యులు ఈ రెండింటిలో దేనిని ఎక్కువగా గుర్తుంచుకొన్నారో చెప్పనక్కరలేదు.

ఇంతటి బండి లోకంలో ఎందుకు వ్యాపించలేదు? కారణాలు స్పష్టం. గాలి పడిపోతే బండి నిలిచిపోతుంది. చెట్లు అడ్డమైతే దారాలు చిక్కుపడతాయి. ఇరుకైన దారిలో గాలి వీచే దిక్కుకు నేరుగా ఎదురుగా తిరిగి రావడం సాధ్యం కాదు. గాలిపటాలను అదుపులో ఉంచడానికి పోకాక్ కుటుంబానికి ఉన్న నేర్పు అందరికీ ఉండదు. ఇంతలో 1830లో లివర్‌పూల్, మాంచెస్టర్ నగరాల మధ్య రైలు నడిచినది. గాలి వీచినా వీచకున్నా వేళకు బయలుదేరే ఇనుప గుర్రం ముందు గాలి గుర్రం నిలువలేకపోయినది. జనం గుంపులుగా వచ్చి చూచినారు, చప్పట్లు కొట్టినారు, ఇంటికి పోయినారు. కొనినవారు లేరు. పోకాక్ మాత్రం నిరాశపడి బండిని మూలకు నెట్టలేదు. సెలవు దినాలలో కుటుంబంతో అందులో విహరిస్తూనే ఉన్నాడు. ఓడలకు కూడ గాలిపటాలు తోడ్పడగలవని వాదిస్తూనే ఉన్నాడు. 1843లో మరణించినాడు.

ఆనాడు కుర్చీలో ఆకాశానికి ఎగిరిన మార్తా కథ ఇంకొకటి ఉన్నది. క్రికెట్ అభిమానులందరికీ తెలిసిన డబ్ల్యూ. జి. గ్రేస్ ఆమె కుమారుడే. 1848లో, అనగా తాత మరణించిన ఐదేండ్లకు, ఆయన జన్మించినాడు. మేనమామ ఆల్ఫ్రెడ్ పోకాక్ ఆయనకు ఆట నేర్పినాడు. తల్లికి ఆ ఆటలో లోతైన పరిజ్ఞానం ఉండేది. 1884లో ఆమె మరణవార్త మాంచెస్టర్‌లో ఆడుతున్న కుమారులకు చేరినప్పుడు ఆ పోటీని అర్ధంతరంగా ముగించినారు. ఆటను ఆటగా కాక ఒక విద్యగా చూడడం ఆ ఇంటి సంప్రదాయమని చెప్పవచ్చు.

పోకాక్ ఆలోచనకు మరల ప్రాణం రావడానికి నూరేండ్లకు పైగా పట్టినది. 1990 ప్రాంతంలో న్యూజిలాండుకు చెందిన పీటర్ లిన్ అనే గాలిపటాల నిర్మాత తేలికైన మూడు చక్రాల బండిని రూపొందించినాడు. మనిషి అందులో నేలకు తగిలీ తగలనట్లు కూర్చుంటాడు. ముందు చక్రాన్ని పాదాలతో త్రిప్పుతాడు, గాలిపటాన్ని చేతులతో నడుపుతాడు. దీనికి తగిన స్థలాలు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి విశాలమైన సముద్రతీరం, రెండవది చెట్టు చేమ లేని ఎండిన సరస్సు. అమెరికాలో నెవాడా, కాలిఫోర్నియా సరిహద్దున ఉన్న ఇవన్‌పా అనే ఎండిన సరస్సులో మిత్రబృందాలు చేరి ఈ బండ్లను నడుపుతూ ఉంటాయి. గంటకు 130 కిలోమీటర్లకు మించిన వేగాన్ని కూడ సాధించినారు. ఇక ఓడల మాట. 2008లో బెలూగా స్కైసెయిల్స్ అనే సరుకుల ఓడ ఒక పెద్ద గాలిపటం సాయం తీసుకొని జర్మనీనుండి అట్లాంటిక్ సముద్రం దాటి వెనిజులాకు ప్రయాణించినది. బ్రిస్టల్ పంతులు మాట 180 ఏండ్ల తరువాత చెల్లుబాటు అయినది.

ఈ జీవితం మనకు, ముఖ్యంగా ఈ మెట్టసీమలో పుట్టిన మనకు, ఏమి చెబుతున్నది? మనకు లేనివాటిని లెక్కపెట్టుకొనడం అలవాటైపోయినది. నీరు లేదు, నది లేదు, పరిశ్రమ లేదు అంటాము. పోకాక్ తన చుట్టూ సమృద్ధిగా ఉన్నదేమిటని చూచినాడు. మనకు సమృద్ధిగా ఉన్నది గాలి. 1990 దశకంలో రామగిరి కొండలపై గాలిమరలు లేచినప్పుడు, తరతరాలుగా మనం తిట్టుకొన్న గాలి మొదటిసారి కూలికి వచ్చినది. అయితే గాలి ఒక్కటే కరవును తీర్చదని కూడ మనం మరువరాదు. రాజు మెప్పు పొందిన బండికైనా గాలి ఆగితే దారి ఆగిపోయినది. ఒక్క ఆధారాన్నే నమ్ముకొన్న బండికి గాని, ఒక్క పంటనే నమ్ముకొన్న రైతుకు గాని గతి అదే.

చివరగా ఒక మాట. మేము చెరువులో బండితో కుస్తీ పడుతున్న ఆనాడు, పొలానికి చెరువుమట్టి తోలుకొనడానికి వచ్చిన ఒక పెద్దాయన చాలాసేపు నిలబడి చూచినాడు. నవ్వలేదు, కోప్పడలేదు. మీరు ఆడుతున్న చోట ఒకప్పుడు రెండు నిలువుల నీళ్ళు ఉండేవి నాయనా అని మాత్రం చెప్పి ఎద్దులను అదిలించుకొని పోయినాడు. విజయనగర రాజుల కాలంలో, 1364లో, బుక్కరాయల మంత్రి పండమేరుకు అడ్డంగా కట్ట వేయించి అనంతపురం చెరువును నిర్మించినాడని పాఠాలలో చదివినవాళ్ళమే. చెరువు ఎండినందుకు మైదానం దొరికినదని సంతోషించినవాళ్ళం కూడ మేమే. ఆ సాయంత్రం మాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఇప్పుడు మేము కొత్త బండి కట్టుకొంటున్నాము. దారాలకు పోకాక్ చెప్పినట్లు కళ్ళెం ఉంటుంది, నేలలో గుచ్చుకొనే కడ్డీ ఉంటుంది. వచ్చే ఆషాఢంలో మరల ప్రయత్నిస్తాము. అయితే మా కోరిక వేరు. మా బండి సిద్ధమయ్యేనాటికి ఆ మైదానం మాకు దొరకకూడదు. కట్ట నిండా నీరు నిలిచి, మేము గట్టున నిలబడి వేరొక చోటు వెదుక్కొనవలసి రావాలి. గాలి ఎటూ పోదు, అది మన ఊరిదే.