ఫైర్ ఆఫీసరు ఉద్యోగం వదిలిన రంగారావు గారు

పెన్షనర్ల పత్రికలో సినిమా నటుడి గురించి ఏమిటని కొందరు సభ్యులు అనుకోవచ్చు. కానీ సామర్ల వెంకట రంగారావు గారు కూడా ఒకప్పుడు మనవంటి ఉద్యోగే. నేను ఆయన గురించి రాయడానికి కారణం అదే.

ఆయన 1918 జూలై 3న కృష్ణా జిల్లా నూజివీడులో పుట్టారు. తండ్రి కోటేశ్వరరావు గారు ఎక్సైజు శాఖ ఉద్యోగి. చదువు మద్రాసులో, విశాఖలో, కాకినాడలో సాగింది. కాకినాడలో యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాలు ఆయన్ని పట్టుకున్నాయి. రేలంగి, అంజలీదేవి కూడా ఆ క్లబ్బు నుంచి వచ్చినవారే. బి.ఎస్సీ. అయ్యాక ఫైర్ సర్వీసులో ఆఫీసరుగా చేరి బందరులోను, విజయనగరంలోను పనిచేశారు. నెల తిరిగేసరికి జీతం, ఒంటిమీద యూనిఫారం, ఊళ్ళో గౌరవం. ఆ రోజుల్లో అంతకన్న ఏం కావాలి?

ఆయన దాన్ని వదిలేశారు. 1946-47 ప్రాంతంలో వచ్చిన వరూధిని చిత్రంలో ప్రవరుడి వేషం దొరికింది. హీరో వేషమే, కానీ సినిమా ఆడలేదు. అవకాశాలు లేక జంషెడ్‌పూర్ వెళ్ళి మళ్ళీ ఉద్యోగంలో చేరారు. పెళ్ళి కూడా అయింది. మనలో ఎవరమైనా అంతటితో బుద్ధి తెచ్చుకుని ఉండేవాళ్ళం.

కొన్నాళ్ళకు పల్లెటూరి పిల్ల చిత్రంలో ప్రతినాయకుడి వేషానికి మద్రాసు నుంచి పిలుపు వచ్చింది. సరిగ్గా అప్పుడే తండ్రి పోయారు. కర్మకాండ ముగించుకుని వెళ్ళేసరికి ఆ వేషం మరొకరికి ఇచ్చేశారు. ఆయన తిరిగి జంషెడ్‌పూర్ రైలెక్కలేదు. అదే సినిమాలో ఒక చిన్న వేషం వేసి మద్రాసులోనే ఉండిపోయారు. ఆయన జీవితంలో నాకు అన్నిటికన్న పెద్ద ఘట్టం ఇదే అనిపిస్తుంది.

1950లో విజయా వారి తొలి చిత్రం షావుకారులో సున్నం రంగడయ్యారు. మరుసటి ఏడు పాతాళభైరవిలో నేపాళ మాంత్రికుడు. ఆ తరువాత ఆయనకు పరిచయం అక్కరలేకపోయింది.

విశేషమేమిటంటే, అంత విగ్రహం, అంత కంఠం ఉండి కూడా హీరో వేషాల వెంట పడలేదు. ఎన్.టి.ఆర్., ఏ.ఎన్.ఆర్. ల కన్న ఆయన పెద్ద అయిదారేళ్ళే. అయినా తండ్రి వేషాలు, జమీందారు వేషాలు నామోషీ లేకుండా వేశారు. 1955లో మిస్సమ్మలో నెమ్మదైన జమీందారు, అదే ఏడు బి.ఎన్. రెడ్డి గారి బంగారుపాపలో పసిపిల్ల చేతిలో కరిగిపోయే మొరటు కోటయ్య. ఈ రెండూ ఒక్క మనిషే వేశాడంటే మా ఇంట్లో ఆడవాళ్ళు నమ్మలేదు. తమిళంలో పడిక్కాద మేదైలో వేసిన పెద్దాయన వేషాన్నే తెలుగులో ఆత్మబంధువులోను వేసి రెండు రాష్ట్రాల వారినీ ఏడిపించారు.

1963లో నర్తనశాల. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. కీచకుడు నడిచి వస్తుంటే నేల టిక్కెట్టులో మేం ఊపిరి బిగబట్టాం. ఆ వేషానికే 1964లో జకార్తాలో ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. తరువాత దర్శకత్వం కూడా చేశారు. చదరంగం, బాంధవ్యాలు ఆయనవే. కథలు కూడా రాశారని చాలామందికి తెలియదు.

1974 ఫిబ్రవరిలో హైదరాబాదులో గుండెపోటు వచ్చింది. జూలై 18న మద్రాసులో పోయారు. అప్పటికి యాభై ఆరేళ్ళే. నేను రిటైరైన వయసు కన్న రెండేళ్ళు తక్కువ. కంసుడిగా వేసిన యశోద కృష్ణ ఆయన పోయాక, 1975లో విడుదలైంది.

నా సంగతి కూడా ఒక ముక్క చెప్పాలి. ఆఫీసు నాటకాల్లో నేనూ వేషాలు వేసేవాణ్ణి. ఒకసారి ఒక నాటక సమాజం వారు ఉద్యోగానికి సెలవు పెట్టి తమతో ఏడాది తిరగమని ఉత్తరం రాశారు. అప్పటికి ఇద్దరు పిల్లలు. ఉత్తరాన్ని ట్రంకు పెట్టెలో పెట్టి మర్నాడు ఆఫీసుకి వెళ్ళాను. ఆ జీతంతోనే పిల్లలు చదువుకున్నారు, చింత లేదు. ఉత్తరం మాత్రం పారెయ్యలేదు.

2010లో రంగులద్దిన మాయాబజార్ వచ్చినప్పుడు మనవణ్ణి తీసుకెళ్ళాను. ఘటోత్కచుడు గద ఊపుతుంటే వాడు కుర్చీలో నిలబడ్డాడు. బయటికి వచ్చాక, అప్పుడాయన వయసెంత తాతయ్యా అని అడిగాడు. లెక్కకట్టి ముప్పై ఎనిమిది అని చెప్పాను. ఆ వయసులో నువ్వేం చేసేవాడివని వాడి మరో ప్రశ్న. సీనియర్ అసిస్టెంటుగా ఉన్నానన్నాను. ఏ వేషం అది అని అడిగాడు.