కింజరాపు ఎర్రన్నాయుడు

కింజరాపు ఎర్రన్నాయుడు (ఫిబ్రవరి 23, 1957 - నవంబరు 2, 2012) తెలుగుదేశం పార్టీ నాయకుడు, మాజీ కేంద్రమంత్రి. శ్రీకాకుళం జిల్లా నిమ్మాడలో జన్మించాడు. 1983లో హరిశ్చంద్రపురం నుండి శాసనసభకు ఎన్నికయ్యాడు. శ్రీకాకుళం లోక్‌సభ నియోజకవర్గం నుండి 1996 మొదలు వరుసగా నాలుగుసార్లు గెలిచాడు.

మరణం

2012 నవంబరు 2 తెల్లవారుజామున విశాఖపట్నం నుండి శ్రీకాకుళం వస్తుండగా, రణస్థలం సమీపంలో అతని కారు ట్యాంకరును ఢీకొనడంతో తీవ్రంగా గాయపడి మరణించాడు.

కార్లలో భద్రత

అప్పటికి భారతదేశంలో కార్లకు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి కాదు. పలు చిన్నకార్లలో దానికి అదనంగా చెల్లించవలసి వచ్చేది. మైలేజీ చూసి కొనేవారిలో పలువురు అది అనవసరపు ఖర్చని భావించేవారు. 2019 జూలై 1 నుండి డ్రైవరుకు, 2022 జనవరి 1 నుండి ముందుసీటు ప్రయాణికునికి ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయింది. వెనుక కూర్చున్నవారికి ప్రధాన రక్షణ సీటుబెల్టే. అది కారుతోపాటే వస్తుంది, పెట్టుకోవడానికి వేరే ఖర్చు లేదు.