తోటరాముడి కథ రాసిన పింగళి

ప్రముఖ సినీ రచయిత పింగళి నాగేంద్రరావు గారు 1901లో రాజాంలో జన్మించారు. బందరులో చదువుకున్నారు. నాటకాలు రాసి పేరు తెచ్చుకొని సినిమాల్లోకి వచ్చారు. కె.వి.రెడ్డి గారి దర్శకత్వంలో వచ్చిన పాతాళభైరవి (1951), మాయాబజార్ (1957) చిత్రాలకు మాటలు, పాటలు ఆయనవే.

పాతాళభైరవికి ఆధారం కాశీమజిలీ కథలు. అందులో హీరో తోటమాలి కొడుకు. ఇంటివాళ్ళు చేసే పనే అతని పేరులో ఉంది. రాజకుమారిని పెళ్ళాడాలంటే తనతో సమానంగా సంపద తెమ్మంటాడు రాజు. మాయబొమ్మ ఇచ్చిన మేడ మాయమైపోతుంది. ధైర్యం మాత్రం మిగులుతుంది. గెలిచాక కూడా అతను తోటరాముడే.

మాయాబజార్‌లో ప్రియదర్శిని అనే పెట్టె ఉంటుంది. ఎవరు తెరిస్తే వారికి ప్రియమైనది కనిపిస్తుంది. రేవతికి నగలు కనిపిస్తే, శశిరేఖకు అభిమన్యుడు కనిపిస్తాడు. మనిషి విలువ నగల్లో లేదని పింగళి గారు నవ్విస్తూనే చెప్పారు. ఆయన 1971లో కన్నుమూశారు.

మన నెక్కొండ హాస్టల్ అడ్మిషన్ ఫారంలో తండ్రి వృత్తి అనే గడి దగ్గర మనలో చాలామందికి పెన్ను ఆగుతుంది. తోటరాముడు తన పేరు దాచుకోలేదు. తమ్ముళ్ళారా, కూలి అయినా, మేకల కాపరి అయినా ఆ గడిని గుండ్రటి అక్షరాలతో నింపుదాం.