విషాద సారంగధర కర్త - ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు

మేము పొరుగు రాష్ట్రమున ఉపాధ్యాయ శిక్షణ పొందుచున్న దినములలో, మాది బళ్లారి యని చెప్పినంతనే, తెలుగు నాటకము పెరిగిన యూరినుండి వచ్చితిమని సహాధ్యాయులు మమ్ము ఆదరించుచుండెడివారు. ఆ యాదరము మాకు గర్వమును, కొంత సిగ్గును గూడ కలిగించెడిది. ఏలయన, మన యూరికి ఆ గౌరవమును తెచ్చిన మహనీయుని చరిత్రమును అంతవరకు మేము శ్రద్ధగ తెలిసికొనలేదు. మన విద్యార్థులకు అట్టి కొరత యుండరాదని, ఆంధ్ర నాటక పితామహులుగ ప్రసిద్ధిగాంచిన ధర్మవరము రామకృష్ణమాచార్యులవారిని గూర్చి ఇచట సంగ్రహముగ వ్రాయుచున్నాము.

ఆచార్యులవారు 1853వ సంవత్సరమున ధర్మవరమున జన్మించిరి. అనంతపురము జిల్లా ప్రత్యేకముగ ఏర్పడినది 1882లో గనుక, వారు పుట్టిననాటికి ఆ యూరును బళ్లారి జిల్లాలోనిదే. తెలుగు, సంస్కృతము, కన్నడము, ఆంగ్లము అను నాలుగు భాషలయందును వారికి పరిచయము గలదు. బళ్లారిలో న్యాయవాదవృత్తి నవలంబించి, పగలు కోర్టునందును, రాత్రులు నాటకశాలయందును కాలము గడపిరి.

1880వ దశకపు చివరి భాగమున వారు చిత్రనళీయమను నాటకమును రచించి ప్రదర్శింపజేసిరి. సరసవినోదినీ సభ యను సమాజమును నెలకొల్పి, తమ నాటకములలో తామును వేషములు ధరించిరి. పాదుకాపట్టాభిషేకము, ప్రహ్లాద, మోహినీరుక్మాంగద, ప్రమీలార్జునీయము మొదలుగ ముప్పదికి దగ్గరగ నాటకములు వారి లేఖినినుండి వెలువడినవి. సంస్కృత నాటక మర్యాదను పూర్తిగ విడువకయే, అంకములను రంగములుగ విభజించుట, పాత్రలచే పాటలు పాడించుట మున్నగు క్రొత్త పద్ధతులను వారు తెలుగు రంగస్థలమునకు అలవాటుచేసిరి.

వీని యన్నిటిలో వారి పేరును చిరస్థాయిగ నిలిపినది విషాద సారంగధర. కథ మనకు క్రొత్తది కాదు. రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుడు రాజు. అతని కుమారుడు సారంగధరుడు. ఎగురవేసిన పావురము సవతితల్లియగు చిత్రాంగి మేడపై వ్రాలగా, దానికొరకు కుమారుడచటికి పోవును. ఆమె యతనిని మోహించి కోరును, అతడు నిరాకరించును. అంతట ఆమె అతనిపై నింద మోపగా, రాజు విచారింపకయే కాలుసేతులు ఖండింప నాజ్ఞాపించును. ఇది చరిత్రమున జరిగినది కాదు. రాజరాజనరేంద్రుని కుమారుడు 1070లో చోళసింహాసన మధిష్ఠించి కులోత్తుంగుడని ప్రఖ్యాతి గాంచెను. ఐనను గౌరన నవనాథచరిత్రమునందును, చేమకూర వేంకటకవి సారంగధర చరిత్రమునందును ఈ కథ నిలిచి, జనుల నోళ్లలో నానుచు వచ్చినది.

పూర్వకథలో ఒక సిద్ధుని యనుగ్రహముచే సారంగధరునకు అవయవములు మరల వచ్చును. వినువారు ఊరట చెంది యిండ్లకు పోవుదురు. నాటకమును శుభాంతముగనే ముగింపవలెనను సంప్రదాయమును అట్టిదే. ఆచార్యులవారు ఈ ఊరటను తీసివైచి, కథను దుఃఖముతోనే ముగించిరి. తెలుగున విషాదాంత నాటకమునకు ఇదియే మొదటిదని విమర్శకుల యభిప్రాయము. సంప్రదాయజ్ఞులు కొందరు దీనిని తప్పుపట్టిరి గాని, ప్రేక్షకులు ఆదరించిరి.

ఈ మార్పువలన గలిగిన ప్రయోజన మేమి? పావురము ఎగురనంతవరకు ఆ యింట అందరును మంచివారే. తండ్రి వాత్సల్యము గలవాడు, రాణి గౌరవింపదగినది, కొడుకు వినయవంతుడు. ఒక్క పక్షి మేడపై వ్రాలుటతో ముగ్గురి నిజస్వభావములును బయటపడినవి. చిత్రాంగి ప్రేమ యనుకొన్నది, కాదన్న మరుక్షణమే పగగ మారినది. రాజు వాత్సల్యము తన యభిమానమునకు దెబ్బ తగులనంతవరకే నిలిచినది. సారంగధరునకు లొంగిపోయినచో ప్రాణభయము లేదు, అతడు లొంగలేదు. సిద్ధుడు వచ్చి సర్వమును చక్కబరచినచో రాజు తొందరపాటును మనము మరచిపోవుదుము. ఎవరును రానప్పుడు మాత్రమే అది యెంతటి దోషమో మనకు తెలియును. కోసిన చేయి మరల మొలవదు.

నిత్యము న్యాయస్థానమున ఇరుపక్షముల వాదములను వినిన వకీలు ఈ నాటకమును వ్రాసెననుట గమనింపదగినది. ఒక పక్షము మాటయే విని తీర్పు చెప్పిన రాజు కథ ఆయన మనస్సును ప్రత్యేకముగ కలచియుండునని మా యూహ.

1891లో సరసవినోదినీ సభవారు మదరాసునకు పోయి నాటకము లాడిరి. వానిని చూచి ముగ్ధుడైన పమ్మల్ సంబంధ మొదలియారను తమిళ యువకుడు ఆ యేడే సుగుణవిలాస సభను స్థాపించి, తమిళ నాటకమునకు క్రొత్త దారి వేసెను. బళ్లారిలోనే కోలాచలం శ్రీనివాసరావుగారు సుమనోరమ సభను నడపి చారిత్రక నాటకములతో ఖ్యాతి గడించిరి. ఆచార్యులవారి మేనల్లుడే మహానటుడు బళ్లారి రాఘవ. 1912లో ఆచార్యులవారు కీర్తిశేషులైరి. 1953లో బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరినది. నేడు కర్ణాటకమున నున్నది. ఎల్లలు మారినను ఆ నాటకములు మనవి కాకపోలేదు.

తుదకు మా మాట యొకటి. కొన్నియేండ్ల క్రిందట, తోటివాని పుస్తకము దొంగిలించెనని ఇతరులు చెప్పగా విని, మేమొక విద్యార్థిని తరగతి యెదుట దండించితిమి. మరునాడు ఆ పుస్తకము దాని యజమాని యింటనే దొరకినది. మేము ఆ బాలుని క్షమాపణ వేడితిమి. అతడు తల యూపెను గాని, ఆ సంవత్సరమంతయు మా ముఖము చూచి నవ్వలేదు. ఆ పిమ్మట రాజరాజనరేంద్రుని పాత్రను పాఠము చెప్పునపుడెల్ల మాకు ఆ బాలుడే జ్ఞప్తికి వచ్చుచుండును. విద్యార్థులారా, ఎవనిపైనైనను నింద మీ చెవిని బడినప్పుడు, రెండవవాని మాటయు విని పిమ్మటనే తీర్పు చెప్పుడు. ఆచార్యులవారి నాటకమును చదివిన ఫలము అదియే.