పురిటి గది వాకిట డాక్టరమ్మ – అన్నా కుగ్లర్

గుంటూరు కుగ్లర్ ఆసుపత్రి పేరు వినని క్రైస్తవ కుటుంబము మన ప్రాంతమున అరుదు. డా॥ అన్నా సారా కుగ్లర్ అమ్మగారు లూథరన్ సంఘమువారు, మన డయోసిస్‌వారు కారు. అయినను ఈ శతవార్షిక సంచికలో ఆమెను స్మరింపకుండ ఉండలేకపోయితిమి.

ఆమె 1856లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో జన్మించి, 1879లో అక్కడి స్త్రీల వైద్య కళాశాలలో పట్టము పొందిరి. గుంటూరునుండి ఒక మిషనెరీ వ్రాసిన ఉత్తరము ఆమెను కదిలించెను. అయితే వైద్యురాలిని పంపుటకు ఇంకను సమయము రాలేదని మిషను బోర్డువారు తలంచిరి. బోర్డులు ఇట్లు తలంచుట మనకు క్రొత్త కాదు! ఆమె స్త్రీల మధ్య బోధించు పనికే ఒప్పుకొని, మందులు, పరికరములు వెంటబెట్టుకొని 1883లో గుంటూరు చేరిరి. 1885లో ఆ బోర్డువారే ఆమెను వైద్య మిషనెరీగా నియమించిరి.

ఆ దినములలో ఘోషా స్త్రీలయొద్దకు మగ వైద్యులు పోరాదు. కాన్పు మంత్రసాని చేతిలోనిది. బిడ్డ అడ్డము తిరిగి, రెండు మూడు దినములు గడచి, ఇంటివారు ఆశ వదలుకొన్న తరువాతనే దొరసానికి కబురు పోయెడిది. ఆమె ముట్టినందుకు మైలయని స్నానము చేయు ఇండ్లును ఉండెను. మంత్రసానిని నిందించుట సులభమే. కాని రాత్రంతయు ఆ తల్లి నడుము పట్టుకొని కూర్చుండినది ఆమెయే గదా.

1893లో డిస్పెన్సరీయు, 1898లో స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రియు తెరచిరి. కాని అయినవారిని విడిచి, మడి విడిచి ఆడవారు వచ్చి పడుకొందురా? తన భార్యకు జరిగిన వైద్యమునకు కృతజ్ఞతగా ఏలూరు రాజావారు ఆసుపత్రి యెదుట రోగుల బంధువులకొరకు సత్రము కట్టించిరి. వార్డులెంత అవసరమో ఆ సత్రమును అంత అవసరమని మా అభిప్రాయము.

మేము పరామర్శకు వెళ్లిన ఒక ఆసుపత్రిలో తొలిచూలు పిల్ల లోపల కేకలు వేయుచుండగా, కన్నతల్లిని వరండాలోనే నిలిపిరి. ప్రభుత్వ ఆసుపత్రులలో కాన్పు సమయమున ఒక ఆడతోడును ఉండనీయవచ్చునని, ప్రసవానుభవము గల స్త్రీ అయిన మేలని 2016లోనే కేంద్ర ఆరోగ్య శాఖవారు తెలిపిరి. అది ఆ తల్లికి తెలియదు. ఆ రోజున మాకును తెలియదు. ఇప్పుడు స్త్రీల సమాజ కూటములలో ఈ సంగతి చెప్పుచున్నాము.

కుగ్లర్ అమ్మగారు 1930 జూలై 26న గుంటూరులోనే ప్రభువునందు నిద్రించిరి.