పసిబిడ్డల ప్రాణాలకు కాపు కాసిన యల్లాప్రగడ సుబ్బారావు

డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు పిల్లల వైద్యుడు కాదు. జీవితమంతా ప్రయోగశాలలోనే గడిపారు. కానీ ఆయన పరిశోధనల వల్ల ఎక్కువ మేలు పొందినవాళ్లలో పసిపిల్లలు ముందుంటారు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టిన సుబ్బారావు రాజమండ్రిలో పెరిగారు. కుటుంబానిది చాలీచాలని సంసారం. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. తల్లి వెంకమ్మ పట్టుదలే ఆయన్ను చదివించింది. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు గౌను వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసర్‌కు కోపం వచ్చింది. దాంతో ఎంబీబీఎస్‌కు బదులు ఎల్ఎంఎస్ సర్టిఫికెట్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఇద్దరు అన్నదమ్ములు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయారు. ఆ దెబ్బే ఆయన్ను పరిశోధన వైపు నడిపింది.

మామగారి ఆర్థిక సాయంతో 1920ల మొదట్లో బోస్టన్ చేరారు. పొట్టకూటి కోసం ఆస్పత్రిలో చిన్నాచితకా పనులు చేస్తూ హార్వర్డ్‌లో చదివారు. సైరస్ ఫిస్కేతో కలిసి రక్తం, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆ పద్ధతి సాయంతోనే 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌నూ, 1929లో ఏటీపీనీ కండరాల్లో గుర్తించారు. ఏటీపీని అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుగొన్నారు. ఒంట్లోని ప్రతి కణానికీ శక్తిని అందించేది ఏటీపీయే. అది తరిగిపోతే వెంటనే భర్తీ చేసే నిల్వ ఫాస్ఫోక్రియాటిన్.

మెదడుకూ ఈ నిల్వే ఆధారం. పుట్టుకతోనే క్రియాటిన్ తయారుకాని పిల్లలకు మాటలు రావు, ఎదుగుదల మందగిస్తుంది, మూర్ఛలు వస్తాయి. ఇలాంటి జబ్బును వైద్యులు మొదటిసారి వర్ణించింది 1994లో. క్రియాటిన్‌ను మందుగా ఇస్తే చాలామంది పిల్లలు కొంతైనా తేరుకుంటారు. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు.

ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ సంస్థకు వెళ్లారు. అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. అంతకు చాలాకాలం ముందే, 1931లో, బొంబాయి మిల్లు కార్మిక గర్భిణుల రక్తహీనతను ఈస్ట్ సారం నయం చేస్తుందని లూసీ విల్స్ చూపారు. అందులో పనిచేసింది ఫోలిక్ ఆమ్లమేనని తర్వాత తేలింది. అన్నదమ్ములను బలిగొన్న స్ప్రూకూ అదే మందయింది.

ఆ బృందమే ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే మందులనూ తయారు చేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకు ఇచ్చారు. 1948లో ప్రచురించిన వివరాల ప్రకారం 16 మందిలో 10 మందికి తాత్కాలికంగానైనా గుణం కనిపించింది. అప్పటిదాకా ఆ జబ్బుకు మందే లేదు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ నేటికీ పిల్లల క్యాన్సర్ చికిత్సలో వాడుకలో ఉంది.

అదే ఏడాది ఆగస్టులో 53 ఏళ్ల వయసులో సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. బోస్టన్ వెళ్లాక ఆయన మళ్లీ సొంతగడ్డపై అడుగు పెట్టలేదు. భార్య శేషగిరి చివరిదాకా ఎదురుచూస్తూనే ఉండిపోయారు. నోబెల్ రాలేదు. భారత ప్రభుత్వం తపాలా బిళ్ల విడుదల చేసింది శతజయంతి ఏడాది 1995లో.

ఫోలిక్ ఆమ్లం అసలు మేలు ఆయన పోయిన నాలుగు దశాబ్దాలకు బయటపడింది. 7 దేశాల్లో 1,817 మంది స్త్రీలపై జరిగిన అధ్యయనం 1991లో వెలువడింది. వాళ్లంతా అంతకుముందు నాడీనాళ లోపం ఉన్న బిడ్డను మోసినవాళ్లు. గర్భానికి ముందు నుంచే ఫోలిక్ ఆమ్లం తీసుకుంటే ఆ లోపం మళ్లీ వచ్చే ముప్పు 72 శాతం తగ్గుతుందని తేలింది.

మెదడు, వెన్నుపాముగా మారే ఆ నాళం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. అప్పటికి చాలామందికి తాము గర్భవతులమన్న సంగతే తెలియదు. భీమవరంలోనైనా, ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లోని తెలుగు ఇళ్లలోనైనా ఆస్పత్రిలో పేరు నమోదయ్యాకే మాత్ర మొదలుపెడితే ఈ లోపాన్ని ఆపే గడువు దాటిపోయినట్టే. బిడ్డ కావాలనుకున్న రోజు నుంచే వేసుకోవాలి. సుబ్బారావు బృందం చేతికందించిన మందు సమయానికి అందితేనే కదా బిడ్డను కాపాడేది.