జెరోమ్ లెజ్యూన్

జెరోమ్ లెజ్యూన్ (జూన్ 13, 1926 - ఏప్రిల్ 3, 1994) ఫ్రాన్సు దేశానికి చెందిన పిల్లల వైద్యుడు, జన్యుశాస్త్రవేత్త. డౌన్ సిండ్రోమ్‌కు కారణం 21వ క్రోమోజోము ఒకటి అదనంగా ఉండటమేనని తెలిపిన పరిశోధన పత్రానికి ఇతడు ప్రథమ రచయిత.

నేపథ్యం

ఈ స్థితిని 1866లో ఆంగ్ల వైద్యుడు జాన్ లాంగ్డన్ డౌన్ వర్ణించాడు. ఆ తరువాత తొంభై ఏళ్ళకు పైగా కారణం తెలియలేదు. తల్లిదండ్రుల సుఖరోగాలో, తాగుడో కారణమని కొందరు వైద్యులు భావించేవారు. అందువలన బిడ్డ గురించిన దుఃఖానికి లోకనింద కూడా తోడయ్యేది.

పరిశోధన

లెజ్యూన్ పారిస్ సమీపంలోని మోంట్రూజ్‌లో జన్మించాడు. వైద్యవిద్య అనంతరం రేమండ్ తుర్పాన్ వద్ద పరిశోధకుడిగా చేరాడు. అదే విభాగంలో మార్త్ గోతియే అనే వైద్యురాలు కణాల పెంపకం చేపట్టింది. ఈ పిల్లల కణాలలో 46కు బదులు 47 క్రోమోజోములు ఉన్నట్లు తేలింది. ముగ్గురి పేర్లతో పత్రం 1959 జనవరిలో వెలువడింది. ఈ ఘనత ఎవరిదన్న వివాదం తరువాత చెలరేగింది. లెజ్యూన్‌ది ప్రధాన పాత్ర అయివుండకపోవచ్చునని 2014లో ఫ్రాన్సు వైద్య పరిశోధన సంస్థ నైతిక సంఘం అభిప్రాయపడింది. 1963లో లెజ్యూన్ బృందం 5వ క్రోమోజోములో కొంత భాగం లోపించడం వలన కలిగే మరొక రుగ్మతను వర్ణించింది.

తల్లిదండ్రులకు అండ

నెకెర్ ఆసుపత్రిలో ఇతడు ఈ పిల్లలను, వారి కుటుంబాలను దశాబ్దాల పాటు చూశాడు. పిల్లలను పేరు పెట్టి పలకరించేవాడు. జరిగినది కణవిభజనలోని పొరపాటే గాని ఎవరి తప్పూ కాదని తల్లిదండ్రులకు వివరించేవాడు. జాతిపేరుతో ఈ పిల్లలను పిలిచే పాత పదాన్ని విడనాడాలని 1961లో కోరిన శాస్త్రవేత్తలలో ఇతడూ ఒకడు. తన పరిశోధన గర్భస్థ పరీక్షలకు, గర్భస్రావాలకు దారితీయడాన్ని ఇతడు తీవ్రంగా వ్యతిరేకించాడు. ఈ వైఖరి విమర్శలకు గురైంది. 1994లో పారిస్‌లో ఊపిరితిత్తుల కాన్సరుతో మరణించాడు.

తెలుగునాట ప్రాధాన్యం

వరంగల్లులో కాకతీయ వైద్య కళాశాల స్థాపించబడినది కూడా 1959లోనే. గ్రహణం నాడు గర్భిణి బయటికి రావడమో, పూర్వజన్మ పాపమో కారణమని తల్లిని ఆడిపోసుకోవడం తెలుగు కుటుంబాలలోనూ కనిపిస్తుంది. తల్లి వయసు పెరిగినకొద్దీ ఈ స్థితికి అవకాశం పెరుగుతుంది గాని, చిన్నవయసు తల్లులకూ ఇటువంటి పిల్లలు పుడతారు. రక్తకణాలలోని క్రోమోజోములను పరీక్షించి దీనిని నిర్ధారిస్తారు. మానసిక వికలాంగుల కొరకు 1984లో సికింద్రాబాదులో జాతీయ సంస్థ ఏర్పడింది. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం గుర్తించవలసిన లోపాలలో డౌన్ సిండ్రోమ్‌ను చేర్చింది.